ఎంసీపీ ఇన్‌స్పెక్టర్: ఏజెంటు చూసేది మనమూ చూడడానికి

మన తరఫున పనులు చేసే ఏఐ ఏజెంట్లను, అవి పిలిచి వాడుకునే ప్రోగ్రాములతో, అంటే టూల్స్‌తో కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ)లో ప్రతి టూల్‌కూ పేరు, వివరణ, పంపవలసిన విలువలను తెలిపే జేసన్ స్కీమా ఉంటాయి. ఏఐ ఏజెంటు ప్రధానంగా వాటినే నమ్ముకుని పనిచేస్తుంది. ఎంసీపీ ఇన్‌స్పెక్టర్ అనే పరీక్షా సాధనం ఆ వివరాలను బ్రౌజరులో తెరిచి, విలువలు నింపి టూల్‌ను నడపనిచ్చి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు చూపిస్తుంది. మేము రాసుకున్న బుకింగ్ టూల్‌లో ఒక గడికి ‘తేదీ’ అన్న ఒక్క మాటే వివరణగా ఉందని నేను గమనించింది ఇందులోనే; 03-04 అంటే మార్చి నాలుగో తేదీయో, ఏప్రిల్ మూడో తేదీయో ఏజెంటుకు తెలిసే దారే లేదు. ‘సంవత్సరం-నెల-రోజు, ఉదాహరణకు 2025-04-03’ అని మార్చాక ఆ తికమక తీరింది. అయితే ఇన్‌స్పెక్టర్‌లో టూల్‌ను ఎంచుకునేది మనిషే కాబట్టి, దగ్గర పోలికలున్న రెండు టూల్స్‌లో ఏజెంటు సరైనదాన్నే పిలుస్తుందా అన్నది తేలాలంటే, వినియోగదారులు నిజంగా అడిగే ప్రశ్నలను కూర్చుకుని మోడల్‌తోనే విడిగా పరీక్షించుకోవాలి.