ఇంటికి ఏ డ్రిల్ మిషన్ మేలు: వైరుదా, బ్యాటరీదా, రోటరీ హ్యామరా?

మామూలు ఇంట్లో డ్రిల్ మిషన్‌కి ఏడాదికి పడే పని ఎంత? కర్టెన్ రాడ్లు, గోడ గడియారం, బాత్‌రూమ్‌లో టవల్ రాడ్, బాల్కనీలో బట్టల తాడుకి కొక్కేలు, టీవీ కొంటే దాని స్టాండు. ఈ మాత్రానికి పదివేలు పోయక్కర్లేదు. అలాగని ఆన్‌లైన్‌లో వెయ్యికి కనిపించిందల్లా బుక్ చేస్తే అది ప్లైవుడ్‌కి తప్ప గోడకి పనికిరాకపోవచ్చు. వెయ్యి రూపాయల మిషన్లలో చాలావాటికి హ్యామర్ మోడ్, అంటే తిరుగుతూనే గోడని బాదే పద్ధతి, ఉండదు, ఉత్తగా తిరుగుతాయంతే.

మన ముందున్నవి మూడు రకాలు: వైరు ఉన్న ఇంపాక్ట్ డ్రిల్, బ్యాటరీ డ్రిల్, రోటరీ హ్యామర్. వాట్లు, వోల్టులు చూసేముందు మీ గోడ దేనితో కట్టారో చూసుకోవాలి.

ఇటుక గోడే కదా అని ధీమాగా ఉంటాం. కానీ కిటికీ పైన ఉండేది ఇటుక కాదు, లింటల్. కాంక్రీటు, అందులో ఇనుప చువ్వలు. కర్టెన్ బ్రాకెట్ పడేది సరిగ్గా అక్కడే! కన్నం వేసే పుల్ల, అదే బిట్, మొదటి సెంటీమీటరున్నర ఇట్టే దిగుతుంది, అదంతా ప్లాస్టరింగ్. ఆ తర్వాత మిషన్ గొంతు మారుతుంది, ఎంత నొక్కినా బిట్ కదలదు. అప్పుడు రాలే దుమ్ము చూడండి. ఎర్రగా వస్తుంటే ఎర్ర ఇటుక, భయం లేదు. బూడిద రంగులో వస్తున్నా బిట్ దిగుతుంటే ఫ్లైయాష్ ఇటుక, అదీ సమస్య కాదు. బూడిద రంగు పొడి చిటికెడు చిటికెడు రాలుతూ బిట్ ఉన్నచోటే ఉంటే మాత్రం కాంక్రీటు తగిలినట్టే.

కొన్ని కొత్త అపార్ట్‌మెంట్ టవర్లలో, ఆంధ్రలో ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లలో గోడలు షియర్ వాల్ పద్ధతిలో పోసినవి. అక్కడ లింటల్ ఒక్కటే కాదు, గోడ మొత్తం కాంక్రీటే. ఇంకొన్ని ఫ్లాట్లలో తెల్లటి తేలిక ఇటుకలు, ఏఏసీ బ్లాకులు వాడతారు. వాటికి హ్యామర్ అసలు పెట్టకూడదు. మామూలుగా తిప్పితే చాలు, లేదంటే కన్నం వెడల్పయిపోయి, స్క్రూ పట్టుకోవడానికి అందులో పెట్టే ప్లాస్టిక్ ప్లగ్గు ఊడి చేతికొస్తుంది.

ఇంపాక్ట్ డ్రిల్‌కీ రోటరీ హ్యామర్‌కీ తేడా తెలిసేది కాంక్రీటు దగ్గరే. ఇంపాక్ట్ డ్రిల్ లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఒకదానిమీద ఒకటి ఎగిరి పడుతుంటాయి. నిమిషానికి 40 వేల పైచిలుకు దెబ్బలు, కానీ అన్నీ చిన్నవి. వెనక నుంచి మనం ఒళ్లు పెట్టి నొక్కితేనే పని జరుగుతుంది. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి బిట్ వెనక బాదుతుంది. నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే అయినా ఒక్కొక్కటీ గట్టిది. కాంక్రీటులో 8 మిల్లీమీటర్ల కన్నం అది క్షణాల్లో వేసేస్తే, ఇంపాక్ట్ డ్రిల్‌తో చెమటలు పడతాయి.

మరైతే రోటరీ హ్యామరే కొనేస్తే పోదా? బరువు రెండు రెండున్నర కిలోలు. స్టూలెక్కి చేతులు పైకెత్తి పట్టుకోవడం తేలిక కాదు. దాని బిట్లు వేరు, వెనక గాడులున్న ఎస్‌డీఎస్ బిట్లే పడతాయి. చెక్కకి, ఇనుముకి వాడే మామూలు బిట్లు పెట్టాలంటే అడాప్టర్ చక్ (బిట్‌ని పట్టుకునే భాగం) కొనాలి. పాత పెంకుటింటి గోడ మీదో, టైల్ మీదో పెడితే పెచ్చులు లేస్తాయి. షియర్ వాల్ ఫ్లాట్ అయితే నలుగురూ కలిసి అపార్ట్‌మెంట్‌కి ఒకటి కొనుక్కోవడం తెలివైన పని.

బ్యాటరీ డ్రిల్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వైరు గోల లేదు, కరెంటు పోయినా ఆగదు. అయితే లెక్క చూడండి. 12 వోల్టుల మిషన్‌తో వచ్చే 1.5 యాంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది దాదాపు 16 నుంచి 18 వాట్ అవర్ల శక్తి. 500 వాట్ల వైరు డ్రిల్ పూర్తి లోడ్ మీద రెండు నిమిషాల్లో తినేసేది అంతే. స్క్రూలు బిగించడానికి, ఆన్‌లైన్‌లో తెప్పించిన మంచాలు, బీరువాలు జోడించడానికి బ్యాటరీదే రాజు, కాదనను. లింటల్ దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. పైగా ఏడాదికి రెండుసార్లు వాడేవాళ్లకి ఇంకో చిక్కు. లిథియం బ్యాటరీ ఖాళీగా నెలల తరబడి అటక మీద పడుంటే అవసరమైన రోజున ఛార్జింగే ఎక్కకపోవచ్చు. సగం ఛార్జ్‌తో చల్లటి చోట పెట్టుకోవాలి. డబ్బా మీది వోల్టులకీ మోసపోవద్దు. 21 వోల్టులన్నా 18 వోల్టులన్నా లోపల అవే ఐదు సెల్లులు, ఫుల్ ఛార్జ్‌లో ఒక అంకె, మామూలుగా ఇంకో అంకె. పేరూ ఊరూ లేని మిషన్ల మీద రాసే 48, 88 వోల్టులయితే వట్టి గొప్పలు.

కాబట్టి ఇటుక గోడల ఇల్లయితే నా ఓటు వైరుదానికే. 500-600 వాట్లు, 13 మిల్లీమీటర్ల చక్, ట్రిగ్గర్ నొక్కేదాన్ని బట్టి మారే స్పీడు, రివర్స్, హ్యామర్ ఆపుకునే స్విచ్. ఇవన్నీ ఉన్న పేరున్న కంపెనీ మిషన్ రెండు వేల నుంచి మూడున్నర వేల లోపు దొరుకుతుంది. స్పీడు తగ్గించుకోలేని మిషన్‌తో టైల్ జోలికి వెళ్లకండి. టైల్ దాటేదాకా హ్యామర్ ఆపి, నెమ్మదిగా తిప్పాలి. ఏడాదికి నాలుగు కన్నాలు కూడా లేనివాళ్లు ఏదీ కొనకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవడమే లాభం.

వంద పీసుల కిట్ చూసి మురిసిపోకండి. అందులో గోడ బిట్లు నాలుగు కన్నాలకే మొద్దుబారతాయి. ఆ డబ్బుతో మంచి 6, 8 మిల్లీమీటర్ల కార్బైడ్ బిట్లు విడిగా కొనుక్కోండి. మిషన్ ఎంత మంచిదైనా గోడలోకి దిగేది బిట్టే. ప్లగ్గు పొడవుకి ప్లాస్టరింగ్ మందం కలిపి బిట్ మీద టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. ప్లగ్గు ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతే నాలుగు రోజులకి కర్టెన్‌తో సహా ఊడుతుంది. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా కన్నం వేయొద్దు, వైర్లు పోయేది అటే.

షాపులో ఇంకొక్క ముక్క అడగండి: దీని కార్బన్ బ్రష్‌లు ఊళ్లో దొరుకుతాయా అని. మోటారుకి కరెంటు అందించే ముక్కలవి. అరిగితే మార్చేవి అవే, ఖరీదూ తక్కువే. దొరకవంటే ఆ మిషన్ ఎంత చవకైనా వదిలేయండి.