బొగ్గుల కెటిల్ గ్రిల్ మీద బ్రాట్‌వర్స్ట్: కొన్నేళ్లు వాడాక నా మాట

సాసేజ్‌ల కోసమే గ్రిల్ కొనేటట్టయితే గ్యాస్‌ది వద్దు, మూతున్న బొగ్గుల కెటిల్ తీసుకోండి. అమెరికాలో, మిల్వాకీ శివార్లలో ఇల్లు కొన్న కొత్తలో తెచ్చింది ఇప్పటికీ మా పెరట్లోనే ఉంది. ఎండాకాలంలో ఇంచుమించు ప్రతి వారాంతం వెలుగుతుంది, మంచు నెలల్లో కూడా అడపాదడపా. చికెన్, మొక్కజొన్న కంకులు దాని మీద చాలానే కాల్చాం గానీ, మా ఇంట్లో దాని అసలు పని బ్రాట్‌వర్స్ట్, అంటే తోలులో మాంసం కూరి చేసే లావుపాటి జర్మన్ సాసేజ్. ముద్దుగా బ్రాట్ అంటారు. జర్మన్లు వచ్చి స్థిరపడ్డ ఊరు కదా, ఇక్కడ సాసేజ్ అంటే మామూలు పిచ్చి కాదు. బేస్‌బాల్ స్టేడియంలో ఆరో ఇన్నింగ్స్‌లో మనుషులు సాసేజ్ వేషాలేసుకుని పరుగు పందెం పెట్టుకుంటారు, జనం వాటి మీద పందేలు కాస్తారు.

ఈ గుండ్రటి గ్రిల్ 1952లో షికాగో దగ్గర పుట్టింది. వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీళ్ల మీద తేలే బోయాల కోసం చేసే రేకు గోళాన్ని తీసుకుని, కింది సగానికి కాళ్లు, పై సగానికి పిడి తగిలించాడు. మా ఇంట్లో ఉన్నది అదే నమూనాలో ఇంకో కంపెనీ చేసిన 22 అంగుళాలది. పేరు చెప్పను, ఎందుకంటే కింద దాన్ని కాస్త తిట్టబోతున్నాను.

ముందు వాడే పద్ధతి. చిమ్నీ స్టార్టర్ అని ఒక రేకు గొట్టం దొరుకుతుంది. అడుగున న్యూస్‌పేపర్ నలిపిపెట్టి, పైన బ్రికెట్లు (అచ్చుపోసిన బొగ్గు ముక్కలు) నింపి అంటిస్తే పదిహేను ఇరవై నిమిషాల్లో పై వరసకు బూడిద పొర వస్తుంది. సీసాలో అమ్మే లైటర్ ఫ్లూయిడ్ జోలికి పోకండి, ఆ కిరసనాయిలు కంపు తినేదాకా వదలదు. నిప్పులన్నీ ఒక పక్కకే పోయాలి. సాసేజ్‌లు రెండో పక్కన, అంటే కింద నిప్పు లేని చోట పెట్టి మూత వేయాలి. మూత మీది గాలి రంధ్రం సరిగ్గా సాసేజ్‌ల పైకి వచ్చేలా తిప్పితే వేడి, పొగ రెండూ వాటి మీదుగానే బయటికి పోతాయి. లావుపాటి పచ్చి బ్రాట్‌కు ఇరవై నిమిషాల దాకా పడుతుంది. తోలు బిగుసుకుని నిగనిగలాడుతుంది, చెవి దగ్గర పెడితే లోపల కొవ్వు సన్నగా చిటపటలాడుతుంటుంది. అప్పుడు నిప్పుల మీదికి జరిపి, రెండు మూడు నిమిషాలు దొర్లిస్తూ రంగు తెప్పించాలి. ఆ కాసేపూ ఫోన్ చూడకూడదు.

మొదటే నిప్పుల మీద పెడితే తోలు మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆవిరి తట్టుకోలేక పగులుతుంది, కారిన కొవ్వుకు మంటలు లేస్తాయి. ఫోర్కుతో పొడిచినా అంతే సంగతులు. పట్టకారుతోనే తిప్పాలి. ఉడికిందా లేదా అన్న టెన్షన్ లేకుండా ఒక థర్మామీటర్ కొనుక్కోండి. పోర్క్, బీఫ్ సాసేజ్ లోపల 71 డిగ్రీల సెల్సియస్‌కు రావాలి, ఫారన్‌హీట్‌లో 160. చికెన్, టర్కీ అయితే 74, అంటే 165. మొనను అడ్డంగా కాకుండా కొస నుంచి నిలువునా గుచ్చితేనే సరైన లెక్క వస్తుంది.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు మొదటిసారి ప్లేటు చూసి, "ఏంటమ్మా, పైన నల్ల మచ్చలు? మాడ్చావా?" అన్నారు. "మాడలేదత్తయ్యా, కాలింది. కొరికి చూడండి" అన్నాను. కొరికారు. తోలు టప్పుమంది, రసం వెళ్లి చీర మీద పడింది. ఇంకోటి అడిగారు గానీ, ఈసారి న్యాప్‌కిన్ పరుచుకుని కూర్చున్నారు.

ఇక ఫిర్యాదులు. బూడిద పడే పళ్లెం చిన్నది, గాలి రోజున సగం బూడిద మన కాళ్ల మీదే. చక్రాల ఇరుసు రెండో చలికాలానికే తుప్పు పట్టింది. మూతకున్న థర్మామీటర్ పైనున్న గాలి వేడి చూపిస్తుంది తప్ప జాలీ దగ్గర సంగతి చెప్పదు, దాన్ని అలంకారం కింద వదిలేశాను. ఎనామెల్ మాత్రం ఇంతవరకూ పెచ్చు లేవలేదు. జాలీ వేడిగా ఉండగానే బ్రష్‌తో రుద్ది కాస్త నూనె రాస్తే చాలాకాలం వస్తుంది. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, పిల్లలు ఆకలని గోల చేసే మామూలు రోజున గ్యాస్ గ్రిల్ ఉన్నవాళ్లను చూస్తే నాకూ కుళ్లే. బొగ్గు రాజుకునేలోగా వాళ్లు తినడం కూడా అయిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఈ గ్రిల్ ఆలోచనే మానుకోవాలి. చెక్క బాల్కనీలో బొగ్గు వెలిగించడాన్ని చాలా ఊళ్ల ఫైర్ కోడ్ ఒప్పుకోదు, కట్టడానికి 10 అడుగుల దూరం అడుగుతుంది. వాన పడుతోందని గరాజ్‌లోకి తోసుకెళ్లడం అంతకన్నా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

సాసేజ్ కొనేటప్పుడు లేబుల్ చదవండి. మనవాళ్లలో బీఫ్, పోర్క్ ముట్టని ఇళ్లు ఎక్కువ కాబట్టి చికెన్ బ్రాట్ తీసుకుంటారు, కానీ వాటిలో కొన్నింటికి పై తోలు పందిది ఉంటుంది. ఆ సంగతి ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. పార్టీకి పిలిచినవాళ్లకు ముందే చెప్పడం మర్యాద. చికెన్‌వి చాలావరకు ముందే ఉడికించి అమ్ముతారు, వాటిని వేడిచేసి రంగు తెప్పిస్తే సరి, ఎక్కువసేపు ఉంచితే పీచులా ఎండిపోతాయి. రుచిలో పోర్క్ బ్రాట్‌కు చికెన్‌ది సాటి రాదు, ఆ మాట దాచడం ఎందుకు? పోర్క్ తినేవాళ్లకు మిల్వాకీలో 1880 నుంచీ ఉన్న ఉసింగర్స్ ఉంది. బ్రాట్‌లను బీరు, వెన్న, ఉల్లిపాయల్లో మగ్గబెట్టడం ఇక్కడి ఆనవాయితీ. పెద్దవాళ్లున్నప్పుడు బీరు బదులు నీళ్లు పోసి ఉల్లిపాయ, మిరియాలు ఎక్కువ వేస్తాను. నాకు తేడా పెద్దగా తెలియదు.

మామూలు హాట్‌డాగ్ బన్ బ్రాట్ బరువుకు, పైన వేసేవాటి తడికి చివికిపోతుంది. ఇక్కడికి ఉత్తరాన ఉన్న షిబోయ్‌గన్ ఊరివాళ్లు పై పెంకు గట్టిగా ఉండే రోల్ వాడతారు, వాళ్లదే రైటు. లోపలి పక్క వెన్న రాసి గ్రిల్ అంచున అరనిమిషం బోర్లించండి.

ఇంత కొవ్వు మాంసానికి పులుపు లేకపోతే రెండో ముక్కకే మొహం మొత్తుతుంది. నా మొదటి ఓటు సావర్‌క్రాట్‌కు, అంటే పులియబెట్టిన క్యాబేజీకి. కిలో క్యాబేజీ సన్నగా తరిగి, 20 గ్రాముల ఉప్పు వేసి, నీళ్లు ఊరేదాకా చేత్తో పిసకాలి. సీసాలో కుక్కి, తురుము ఆ నీళ్లలో మునిగే ఉండేలా పైన బరువు పెడితే రెండు మూడు వారాల్లో పులుస్తుంది. వెనిగర్ అక్కర్లేదు, పెరుగులో ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా కుటుంబమే ఆ పని చూసుకుంటుంది. వడ్డించే ముందు గట్టిగా పిండి, వెన్నలో ఉల్లిపాయతో ఒక్క తిప్పు తిప్పండి. పైన గింజ తగిలే బ్రౌన్ మస్టర్డ్, అంటే ఆవాల ముద్ద.

తొంభై మైళ్లు దక్షిణంగా వెళ్తే షికాగోలో హాట్‌డాగ్ కథ వేరు. గసాల బన్, పసుపు మస్టర్డ్, ఆకుపచ్చ రెలిష్ (తీపి దోసకాయ తురుము పచ్చడి), ఉల్లిపాయ, టమాటా, దోసకాయ పికిల్, స్పోర్ట్ పెప్పర్లు (ఊరబెట్టిన చిన్న మిరపకాయలు), సెలరీ ఉప్పు. కెచప్ అడిగితే ఎగాదిగా చూస్తారు. మా పిల్లలు ఆ చూపులకు జంకరు.

తొందరలో ఉంటే ఎర్ర ఉల్లిపాయ చక్రాల మీద వెనిగర్, నీళ్లు సమానంగా, ఉప్పు, చిటికెడు పంచదార కలిపి వేడిగా పోస్తే అరగంటలో గులాబీ రంగుకు తిరుగుతాయి. గోంగూర ఆలోచన మా అత్తగారిది. పోపు నూనె తక్కువ వేసిన గోంగూర పచ్చడి, పైన పచ్చి ఉల్లిపాయ: చికెన్ బ్రాట్‌కు లేని దమ్ము ఒక్కసారిగా వస్తుంది. మస్టర్డ్ కూడా వేస్తే రెండూ కొట్టుకుంటాయి, ఏదో ఒకటే వేయండి. ఆవకాయ మాత్రం వద్దు. నూనె బన్‌లోంచి మోచేతి దాకా కారుతుంది, సాసేజ్ అనుకుని గట్టిగా కొరికితే టెంక పంటికి తగులుతుంది.