సంస్కృతి అంటే కళలా, బతికే తీరా? ఏది మేలు?

అనంతపురంలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇది. "సార్, సంస్కృతి అంటే కళలు, సాహిత్యం అని రాయాలా, జీవన విధానం అని రాయాలా?" మార్కుల కోసమైతే రెండూ రాయండి. నమ్మడానికి ఒక్కటే ఎంచుకోవాలంటే మాత్రం నా ఓటు రెండోదానికే.

మొదటి అర్థాన్ని తీసిపారేయలేం. మనిషి ఆలోచనల్లో, మాటల్లో మేలైనవాటిని తెలుసుకోవడమే సంస్కృతి అని ఇంగ్లీషు కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నాల్డ్ 1869లో వాదించాడు. ఆ చూపు వల్ల కళకు విలువ దక్కుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లకు ఆటలు తగ్గిపోయాయి, ల్యాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నారు. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. కళను కళగా గుర్తించేవాళ్లు లేకపోతే అది వచ్చేది కాదు.

కానీ ఈ అర్థం కొందరిని బయట నిలబెడుతుంది. నార్పల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు "మా ఊర్లో కల్చర్ ఏం లేదు సార్" అన్నాడు. అతని పేరులోనే కుళ్లాయి ఉంది! నార్పల దగ్గరే ఉన్న గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు. మొక్కుకుని బిడ్డకు ఆ పేరు పెట్టుకుంటారు. ఈ జిల్లాలో కుళ్లాయప్ప అని పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారు. అంత ఉన్నా, స్టేజీ మీద కూచిపూడి లేదు కాబట్టి తమకు ఏమీ లేదనుకున్నాడు ఆ పిల్లాడు. నాకు చాలా బాధేసింది.

1871లో మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ సంస్కృతికి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞానం, నమ్మకాలు, కళ, నీతి, చట్టం, ఆచారం అన్నీ ఉన్నాయి. నాకు అందులో కీలకమైంది ఒక్క మాట: సమాజంలో సభ్యుడిగా మనిషి నేర్చుకున్నవి. రక్తంలో వచ్చినవి కావు. అందరూ ఏదో ఒకటి నేర్చుకునే పెరుగుతారు కాబట్టి కల్చర్ లేనివాళ్లంటూ ఉండరు. టైలర్ సమాజాలను మెట్లుగా పేర్చి కొన్నింటిని కింద పెట్టాడు, అది తప్పే. మరో మానవ శాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ తర్వాత దాన్ని గట్టిగా ఖండించాడు. ఆ ఒక్క మాట మాత్రం నిలిచింది.

"అయితే దేవరగట్టు కర్రల సమరం కూడా సంస్కృతేనా?" అని కర్నూలు పిల్లలు అడుగుతారు. దసరా రాత్రి మాళమల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి, తలలు పగులుతాయి. అవును, సంస్కృతే. అలా అన్నంత మాత్రాన అది మంచిదని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చు కూడా. విగ్రహాల ఊరేగింపు ఉంచుకుని కర్రలు వదిలేస్తే ఆ ఊళ్ల సంస్కృతి ఏమీ పోదు. "ఇది మా సంస్కృతి, ముట్టుకోవద్దు" అనేవాళ్లు నేర్చుకున్నదాన్ని రక్తంగా చూస్తున్నారు.

సంస్కృతి అంటే పాత కట్టడాలు, వారసత్వం అనే అర్థం కూడా ఉంది. లేపాక్షి గురించి రాయాల్సి వస్తే పనికొస్తుంది, అంతవరకే.

జవాబు టైలర్‌తో మొదలుపెట్టండి. "నేర్చుకున్నవి" కింద గీత గీయండి. ఉదాహరణకు మీ ఊరి పండగ ఒకటి రాయండి, మీ పేరు ఎలా వచ్చిందో కూడా ఇంట్లో అడిగి చూడండి.