పళ్లు తెల్లబడాలంటే లైట్ పెట్టించుకోవాలా, ఉత్త జెల్ చాలా?

"పెళ్లికి పది రోజులే ఉంది డాక్టరుగారూ, మీ దగ్గర లైట్ ఉందా?" ముహూర్తాల సీజన్ మొదలైతే చాలు, నా కుర్చీలో కూర్చున్నవాళ్లు ముందు అడిగేది ఇదే. ధర తర్వాత అడుగుతారు.

పంటి రంగును విరిచేది పెరాక్సైడ్. క్లినిక్ జెల్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. లైట్ పడితే అది ఇంకా వేగంగా విడిపోయి బాగా పనిచేస్తుందంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంత ఘాటైన జెల్ వాడినప్పుడు, లైట్ పెట్టినా పెట్టకపోయినా రెండు వారాలాగి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఉండదని పరిశోధనలు చాలావరకు తేల్చాయి.

మరి కుర్చీ దిగి అద్దంలో చూసుకుంటే అంత తెలుపెలా వచ్చింది? పెదాలకు క్లిప్పు బిగించి గంటసేపు నోరు తెరిచి ఉంచితే ఎనామిల్ ఎండిపోతుంది. సున్నం వేసిన గోడ ఆరేకొద్దీ తెల్లబడుతుంది చూడండి, అలాగన్నమాట. పైగా దీపం వేడి. ఒకట్రెండు రోజులు ఉమ్మి తగిలాక ఆ మెరుపు కాస్త దిగుతుంది. అందుకే షేడ్ గైడ్ (పంటి రంగుల నమూనాల పట్టీ) ముక్కను పంటి పక్కన పట్టి నేను ఫోటో తీసేది పనికి ముందొకసారి, రెండు వారాల తర్వాత ఇంకోసారి. అదే రోజు తీసిన ఫోటో బోర్డు మీద వేసుకోవడానికి బాగుంటుంది.

వేడితో ఇంకో చిక్కుంది. పంటి లోపలి నరం దగ్గర 5.5 డిగ్రీలు పెరిగితేనే కొన్ని పళ్లు దెబ్బతిన్నాయని 1965లో కోతుల మీద చేసిన ప్రయోగంలో తేలింది. ఇప్పటి ఎల్‌ఈడీలు పాత దీపాలంత వేడెక్కవు, నిజమే. అయినా రాత్రికి పళ్లు జివ్వుమన్నాయని ఫోన్ చేసేది ఎక్కువగా లైట్ పెట్టించుకున్నవాళ్లే.

టైముంటే నా ఓటు ఇంట్లో పెట్టుకునే ట్రేకే, అంటే జెల్ వేసి పళ్లకు తొడుక్కునే అచ్చుకే. అందులో వేసే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ అంటే దాదాపు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడే. రాత్రి పెట్టుకుని పడుకోవాలి, రెండు వారాలు పడుతుంది. 1989లో హేవుడ్, హేమన్ అనే దంతవైద్యులు ఈ పద్ధతి రాసినప్పటి నుంచీ నడుస్తున్నదే. పళ్లకు అంటించుకునే తెల్లబరిచే స్ట్రిప్పులు పర్వాలేదు, వంకర పళ్లకు సరిగా అంటుకోవు. బొగ్గు పొడి జోలికి వెళ్లకండి, ఎనామిల్ అరుగుతుంది.

నల్గొండ వైపు ఫ్లోరైడ్ గోధుమ మచ్చలకు వీటిలో ఏ ఒక్కటీ సరిపోదు, అది వేరే వైద్యం. క్యాపులు, ఫిల్లింగులు ఏం చేసినా రంగు మారవు.

పది రోజుల పెళ్లికూతురికి లైట్ లేకుండా జెల్ ఒక్క సిట్టింగ్ చేశాను, అదీ ఆ రోజే. ఆలస్యం చేస్తే జివ్వుమనే పళ్లతో పెళ్లి విందుకి కూర్చోవాల్సి వస్తుంది.