చిక్కగా చల్లిన లూసర్న్ మడి: మూడేళ్ల తర్వాత

తాడిపత్రి దగ్గర నల్లరేగడిలో, బోరు కింద 25 సెంట్లలో ఆర్.ఎల్-88 రకం లూసర్న్‌ను (కోసిన కొద్దీ మళ్ళీ చిగురించే పశువుల మేత పంట) మూడేళ్లుగా పెంచుతున్నాను. సగం మడిలో విత్తనాన్ని ఎకరాకు 12 కిలోల లెక్కన చిక్కగా వెదజల్లాను. మిగతా సగంలో అడుగు ఎడంతో సాళ్ళు తీసి 5 కిలోల లెక్కన వేశాను.

మేత జొన్నను చిక్కగా చల్లితే కాడ సన్నబడుతుందని, ఆవు మొదలు దాకా నమిలేస్తుందని మా ఇంట్లో నమ్మకం. లూసర్న్ కూడా అంతేననుకున్నాను, మొదటి రెండు కోతల్లో అది నిజమే అయింది. 65వ రోజున కోసిన మోపులో కాడ దారంలా ఉండి, గాడిలో ఒక్క పుల్ల మిగలలేదు. ఆ సంబరంలో చుట్టుపక్కల నలుగురికీ చిక్కగానే చల్లమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంతవరకు వెనక్కి తీసుకోవలసి వస్తోంది.

మరుసటి సెప్టెంబరులో ముసురు పట్టి, రేగడి ఆరక, కోత పది రోజులు ఆలస్యమైంది. చిక్కటి మడి పైనుంచి నవనవలాడుతూనే కనిపించింది. చేత్తో వంచి చూస్తే అడుగున జానెడు మేర ఆకంతా పసుపెక్కి రాలిపోయి, నేల మీద బూజు పట్టి ఉంది. మోపు తూకం మాత్రం తగ్గలేదు, నేను మోసపోయింది అక్కడే. లూసర్న్ మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఆకులోనే ఉంటుంది, కాడలో పీచే ఎక్కువ. ఆ మేతతో పాలు తగ్గి, ఆవుకు అర కిలో దాణా పెంచితే తప్ప పాత మట్టానికి రాలేదు. సాళ్ళ మడిలో గాలి ఆడినందున అడుగు ఆకు చాలావరకు నిలిచింది.

చిక్కటి మడిలో మొక్కలు ఒకదానితో ఒకటి పోటీపడి చచ్చిపోగా, ఆ ఖాళీల్లో తుంగ, గరిక చేరాయి. వరుస లేనందున కలుపు తీసే దంతె తోలే వీలు లేదు. సాళ్ళలో మొక్కలు తక్కువైనా ఒక్కో మొదలు నుంచి పిలకలు విస్తారంగా లేచి, రెండో ఏటికి మోపులు రెండు మళ్ళలో దాదాపు సమానమయ్యాయి, మూడో ఏడు సాళ్ళదే పైచేయి. అయితే సాళ్ళలో కాడ లావు. పదో వంతు పూత కనబడగానే కోయకపోతే ఆవులు మొదళ్లు వదిలేస్తున్నాయి.

ఆనంద్-2 అనే మరో లూసర్న్ రకం కూడా నాలుగు సాళ్ళు వేశాను. తొలి ఏడు తేడా తెలియలేదు, మూడో ఏటికి బతికిన మొదళ్లు ఆర్.ఎల్-88లోనే ఎక్కువ, కానీ నాలుగు సాళ్ళతో రకం మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

నాది నీరు నిలిచే రేగడి, ఉన్నవి రెండే ఆవులు. నీరు ఇంకిపోయే ఎర్రనేలలో ఒక్క ఏడాది మేత చాలనుకునేవారికి చిక్కటి మడే కలిసిరావచ్చు. నేను మాత్రం ఈసారి కూడా సాళ్ళే తీస్తాను, ఎడం అడుగు నుంచి ముప్పావు అడుగుకు తగ్గించి.