గల్ఫ్‌లో ఇరుక్కుంటే ముందు ఏ తలుపు తట్టాలి: ఎంబసీనా, మదద్ పోర్టలా, మన సర్కారా?

"అన్నా, మమ్మల్ని కాపాడండి" అంటూ ఎడారిలో గొర్రెల మధ్య నిలబడి తీసిన సెల్ఫీ వీడియో ముందు ఊరి వాట్సాప్ గ్రూపుకి వస్తుంది. అక్కణ్నుంచి ఎమ్మెల్యే పీఏకి, ఆ పైన మంత్రి ఆఫీసుకి. రెండ్రోజులు టీవీలో తిరుగుతుంది. ఆ తర్వాత ఎంబసీ నుంచి ఇంటికి ఫోన్ వస్తే మొదటి ప్రశ్న: "అకామా నంబరెంత?" అకామా అంటే అక్కడ ఉండేందుకిచ్చే గుర్తింపు కార్డు. సౌదీలో ఆ నంబరు 2తో మొదలయ్యే పది అంకెలు. కువైట్ అయితే పతాకా (సివిల్ ఐడీ కార్డు) మీది 12 అంకెలు, దుబాయ్ అయితే 784తో మొదలయ్యే 15 అంకెల ఎమిరేట్స్ ఐడీ. లక్షమంది చూసిన వీడియోలో ఆ నంబరు మాత్రం ఉండదు.

వీడియో వల్ల లాభం లేదని కాదు. మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియనప్పుడు అదే ఆధారం. కానీ యూఏఈలో యజమానిని తిడుతూ నెట్‌లో పెడితే సైబర్ చట్టం కింద బాధితుడి మీదే కేసు పడొచ్చు. తీసిన వీడియో ఇంటివాళ్లకే పంపండి. దాంతోపాటు లొకేషన్ పిన్, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు, ఫోన్ నంబరు, పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీల ఫోటో పంపండి.

ఇక అసలు పోలిక. మనిషి నడిచి బయటికి రాగలిగితే ఎంబసీయే మేలు. ఇందులో రెండో మాట లేదు. ఆడవాళ్లకి, ముఖ్యంగా కువైట్ ఇళ్లల్లో పనిచేసే ఖద్దామాలకి, షెల్టర్ దొరికేది అక్కడే. దుబాయ్‌లో అయితే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం రాత్రీపగలూ ఫోన్ ఎత్తుతుంది: 800 46342, టోల్ ఫ్రీ. ఎంబసీ చేతిలో డబ్బు కూడా ఉంటుంది. 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి తిండీ బసా, ఇండియాకి టికెట్, లాయరు ఫీజు, అత్యవసర వైద్యం, శవం తరలింపు, చిన్నచిన్న జరిమానాలు కట్టొచ్చు. 2017లో ఆ నిబంధనలు ఇంకా సడలాయి.

కానీ ఆ నిధి ఎవరికీ హక్కుగా రాదు. వేరే దిక్కు లేదని అక్కడి అధికారికి నమ్మకం కుదరాలి. కాంట్రాక్టులో టికెట్ కంపెనీ ఇవ్వాలని ఉంటే ముందు కంపెనీనే అడుగుతారు, దానికి వారాలు పడుతుంది. "ఎంబసీవాళ్లు తిప్పించుకుంటున్నారు" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ ఆలస్యమే.

మదద్ పోర్టల్ అంటే విదేశాంగ శాఖ ఆన్‌లైన్ ఫిర్యాదుల సైటు, 2015లో వచ్చింది. దీని గొప్ప అంతా ఒక్క విషయంలో ఉంది: ఇక్కడ కూర్చుని భార్యో తమ్ముడో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి ఒక నంబరు వస్తుంది. ఫోన్‌లో చెప్పిన మాటకి రికార్డు ఉండదు, ఆ నంబరుకి ఉంటుంది. తర్వాత ఎంపీ రాసినా, కలెక్టర్ రాసినా ఆ నంబరు వేస్తే పాత ఫైలే కదులుతుంది, కొత్తది పుట్టదు. కానీ కొట్లాటో, గదిలో బంధించడమో జరుగుతున్న రాత్రి పోర్టల్‌ని నమ్ముకోవద్దు, ఫోనే చేయాలి.

పోర్టల్‌లో ఎక్కువమంది దెబ్బతినేది ఆఫీసు ఎంపికలో. సౌదీకి రెండున్నాయి. దమ్మామ్, అల్ ఖోబర్ రియాద్ ఎంబసీ కిందికి వస్తాయి. మక్కా, మదీనా, యాన్బు, తబూక్, అభా, జీజాన్, నజ్రాన్ జెద్దా కాన్సులేట్ కిందికి. అలాగే షార్జా, అజ్మాన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా అన్నీ దుబాయ్ కాన్సులేట్‌వి. అబుదాబీ ఎంబసీకి పెడితే తిరిగి బదిలీ కావాలి. ఇక ఒకే మనిషి మీద బావమరిది ఒకటి, పెద్దనాన్న కొడుకు ఒకటి ఫిర్యాదు పెడితే రెండూ నెమ్మదిస్తాయి. ఒక్కరే పెట్టండి. అడిగిన కాగితానికి అదే ఫైల్లో జవాబివ్వండి.

అంచేత ఎంబసీనా మదదా అంటే ఒకటి వదిలి ఇంకొకటి కాదు. బయటికి రాగలిగినవాడు ఎంబసీకి, అదే రోజు ఇంటివాళ్లు మదద్‌కి. రాలేనివాడి తరఫున మదద్, వెంటనే ఫోను.

హురూబ్ పడ్డ కేసుల్లో పోలిక మారుతుంది. కఫీల్ "పారిపోయాడు" అని రాయిస్తే పడేది హురూబ్. సౌదీ కంపెనీ వీసా వాళ్లకి ఇప్పుడు 60 రోజుల గడువుంది. ఆలోపు ఇంకో కంపెనీకి మారొచ్చు, లేదా ఫైనల్ ఎగ్జిట్ (దేశం విడిచి వెళ్లిపోయే అనుమతి) కొట్టించుకోవచ్చు. ఆ రెండు నెలలూ "కఫీల్‌తో మాట్లాడతా" అనే ఏజెంట్ చుట్టూ తిరిగి ఖల్లివల్లి (కాగితాల్లేని అక్రమ నివాసి) అయిపోయినవాళ్లే ఎక్కువ. గడువు దాటాక ఎంబసీలో ఫైనల్ ఎగ్జిట్‌కి పేరు రాయించుకోవాలి. అది అక్కడి లేబర్ ఆఫీసుకో తర్హీల్‌కో (దేశం నుంచి పంపించే కేంద్రం) వెళ్తుంది, మళ్లీ ఆ దేశానికి వెళ్లకుండా నిషేధం పడే ప్రమాదం ఉంటుంది.

అదే ఆ దేశం క్షమాభిక్ష (కాగితాల్లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోయే గడువు) తెరిచి ఉంటే దానికి మించింది లేదు. 2017 సౌదీ క్షమాభిక్షలో వేలిముద్రల నిషేధం లేకుండా పంపారు. 2024లో యూఏఈ సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా జరిమానా, నిషేధం రెండూ మాఫీ చేసింది. అదే ఏడాది కువైట్ మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఇచ్చింది. కానీ బ్యాంకు అప్పు, చెక్ కేసు, పోలీసు కేసు ఉంటే క్షమాభిక్ష పనిచేయదు. మత్లూబ్‌లో (పోలీసులు వెతుకుతున్నవాళ్ల జాబితా) పేరుందో లేదో ముందు చూసుకోకుండా సామాన్లు సర్దుకుని వెళ్లినవాళ్లు కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. రెండో చిక్కు పాస్‌పోర్ట్. అది కఫీల్ దగ్గరుంటే ఎంబసీ ఔట్‌పాస్ ఇస్తుంది, ఒక్కసారి ఇండియాకి రావడానికి మాత్రమే. పాస్‌పోర్ట్ కాపీ ఉంటే పని తేలిక. లేకపోతే మనవాడేనని ఇక్కడినుంచి ధ్రువీకరణ రావాలి, చివరి వారంలో వెళ్లినవాడికి అక్కడే గడువు అయిపోతుంది.

జీతం బాకీ ఉన్నప్పుడు ఇంటికి రావడమా, ఉండి కేసు నడపడమా? ఎంబసీ తీర్పు ఇవ్వదు, డబ్బు వసూలు చేయదు. దుబాసీని ఇస్తుంది, కోర్టు దారి చూపిస్తుంది. సౌదీలో ముందు రాజీ మెట్టు ఉంటుంది, 21 రోజులు. అక్కడ తేలకపోతే లేబర్ కోర్టు. పని మానిన 12 నెలల్లోపు కేసు వేయాలి. ఆరోగ్యం, గది అద్దె సహకరిస్తే ఉండి పోరాడమనే మా మాట. ఉండలేకపోతే విమానం ఎక్కేముందే తన తరఫున కేసు నడిపేవాళ్లకి పవర్ ఆఫ్ అటార్నీ రాసి రావాలి. "బాకీలన్నీ ముట్టాయి" అనే అరబీ కాగితం మీద సంతకం పెట్టించుకుని ఎగ్జిట్ ఇచ్చే కఫీళ్లు కొల్లలు. చదివించుకోకుండా పెట్టొద్దు.

మన రాష్ట్ర ప్రభుత్వాల సంగతి. హైదరాబాద్ నుంచైనా అమరావతి నుంచైనా సౌదీ లేబర్ ఆఫీసుకి నేరుగా ఉత్తరం వెళ్లదు, విదేశాంగ శాఖ ద్వారానే వెళ్తుంది. కాబట్టి అక్కణ్నుంచి మనిషిని బయటికి తేవడంలో రాష్ట్రం చేసేది ఒత్తిడి పెట్టడమే. విమానాశ్రయంలో దిగాక మాత్రం రాష్ట్రమే మేలు: శంషాబాద్ నుంచి ఊరికి ఉచిత అంబులెన్స్, ఢిల్లీలో తెలంగాణ భవన్, ఏపీ భవన్ బస, సొంతూరికి టికెట్.

గల్ఫ్ అయినా ఇంకెక్కడైనా, యుద్ధమొస్తే ఇంకో లెక్క. ఉక్రెయిన్ విద్యార్థులకి 2022 ఫిబ్రవరి 15నే వెళ్లిపొమ్మని సూచన వచ్చింది. టికెట్ ధరలు చూసీ, క్లాసులు పోతాయనీ చాలామంది ఆగారు. 24న గగనతలం మూతపడింది. వాళ్లని తేవడానికి ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానాలు ఉచితమే, కానీ రొమేనియా, పోలండ్, హంగరీ సరిహద్దుల దాకా చలిలో చేరుకోవడం చాలామంది సొంతంగానే చూసుకోవాల్సి వచ్చింది. 2020లో కోవిడ్ వేళ మనవాళ్లని తెచ్చిన వందేభారత్ మిషన్‌లో అయితే టికెట్ డబ్బులు ప్రయాణికులే కట్టారు. మామూలు విమానాలు తిరుగుతున్నంతసేపూ వాటినే ఎక్కాలి.

చావు జరిగిన ఇంట్లో చూసుకోవాల్సిన డబ్బులు మూడు. ప్రవాసీ భారతీయ బీమా యోజన: ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది) ఈ-మైగ్రేట్ సైటులో ఆ క్లియరెన్స్ తీసుకుని వెళ్లినవాళ్లకి తప్పనిసరి. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. నిద్రలో గుండె ఆగి చనిపోతే ఆ 10 లక్షలు రావు, గల్ఫ్ క్యాంపుల్లో ఇలాంటి చావులు తక్కువేం కాదు. విజిట్ వీసా మీద పంపిన ఏజెంట్ ఈ బీమా లేకుండానే పంపుతాడు. తెలంగాణ వాళ్లకి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా: 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్ దేశాల్లో, ఇరాక్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి, దరఖాస్తు కలెక్టర్‌కి. ఏపీ వాళ్లకి ప్రవాసాంధ్ర భరోసా బీమా, కానీ ప్రీమియం కట్టి ముందే చేరి ఉండాలి. మూడింటిలో పాలసీ కాగితం అడగనిది తెలంగాణ ఎక్స్‌గ్రేషియా ఒక్కటే.

శవం రావడానికి ఇంటివాళ్లు పంపే సమ్మతి పత్రం వేరు, బాకీ జీతం, పరిహారం వసూలుకి వారసులిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ వేరు. మొదటిది పంపి రెండూ అయిపోయాయనుకుంటారు. రెండో కాగితంలో భార్య పేరు పాస్‌పోర్ట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే వెనక్కొస్తుంది. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉన్నా అంతే. తహసీల్దార్ దగ్గర కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకునే రోజే రెండు పేర్లూ అందులో రాయించుకోండి.