సుంకి ఘాటు దిగుతుంటే పటపట: ఫ్రీఫ్లో సైలెన్సర్‌తో 38 వేల కిలోమీటర్లు

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బ్యురేటర్ బండి. ఫ్రీఫ్లో సైలెన్సర్ (పొగ పెద్దగా అడ్డు లేకుండా నేరుగా పోయే రకం) పెట్టి ఐదేళ్లు దాటింది. రోజువారీ తిరుగుడు ఒడిశా కొండల మీద జయపురం, కోరాపుట్, సిమిలిగుడ మధ్య. నెలకు రెండు మూడు సార్లు పొట్టంగి మీదుగా సుంకి ఘాటు దిగి కింద ఆంధ్రా మైదానంలోని సాలూరు. ఇంజన్ లెక్కలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. చెప్పాల్సింది ఒక్కటే. యాక్సిలరేటర్ మూసి ఘాటు దిగుతుంటే సైలెన్సర్లో సీమటపాకాయల జడ పేలినట్టు వచ్చే చప్పుడు. అది వదలడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో నాలుగు మెయిన్ జెట్లు (కార్బ్యురేటర్లో పెట్రోలును కొలిచి వదిలే బెజ్జం ముక్కలు) మారాయి. ఆ డబ్బూ, పెట్రోలూ అన్నీ దండగే, ఎందుకంటే తప్పు జెట్‌ది కానే కాదు.

సైలెన్సర్ మారిస్తే మెయిన్ జెట్ పెంచాలి అన్నది ప్రతి షెడ్డులోనూ మొదట వినపడే మాట. అందులో నిజం ఉంది, కానీ మెయిన్ జెట్ పని మొదలయ్యేది యాక్సిలరేటర్ ముప్పాతిక దాటాకే. పావు నుంచి ముప్పాతిక దాకా నీడిల్ (జెట్‌లో పైకీ కిందికీ కదిలే సూది) చూసుకుంటుంది. మూసి ఉన్నప్పుడూ, కొద్దిగా తెరిచినప్పుడూ నడిపించేది పైలట్ జెట్ అనే చిన్న జెట్, దాని స్క్రూ. ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసే ఉంటుంది. అప్పుడు మెయిన్ జెట్ 90 నంబరుదైనా, పెద్ద బెజ్జం ఉన్న 100 నంబరుదైనా ఆ పటపటకు తేడా రాదు. గ్రిప్ మీదా, స్విచ్ హౌసింగ్ మీదా చిన్న టేపు ముక్కలు అంటించి గీతలు పెట్టుకుంటే, ఏ తెరుపు దగ్గర తేడా చేస్తోందో అరగంట తోలితే తెలిసిపోతుంది. ఈ పని చేయకుండా కార్బ్యురేటర్ విప్పే మెకానిక్‌కి బండి ఇవ్వకండి.

అసలు జరిగేది ఇది. యాక్సిలరేటర్ మూయగానే సిలిండర్లోకి వెళ్లే మిశ్రమం బాగా పలచబడుతుంది (గాలికి తగ్గ పెట్రోలు ఉండదు), కొన్నిసార్లు అంటుకోదు. మండని పెట్రోలు ఆవిరి అలాగే ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి పోయే బెండ్ పైపులోకి పోతుంది. ప్రతి పొగ విసురు వెనకాలా పైపులో క్షణకాలం పీల్పు పుడుతుంది. జాయింటులో సందు ఉంటే ఆ పీల్పుకి బయటి గాలి లోపలికి దూరుతుంది. తర్వాతి విసురుతో వచ్చే వేడికి అక్కడ పోగైనదంతా ఒక్కసారిగా మండుతుంది. కంపెనీ సైలెన్సర్ ఆ చప్పుడును మింగేస్తుంది, నేరుగా పోయే గొట్టం మింగలేదు. పొగలోకి గాలి పంపే పీఏవీ గొట్టం కూడా దీనికి కొంత తోడవుతుంది. పరీక్ష కోసం దాన్ని కాసేపు నొక్కిపట్టి చూడండి. పటపట ఆగితే దాని వాల్వు చూసుకోవాలి. ఆగకపోతే లీకో, పైలట్ పలచదనమో. పరీక్ష అయ్యాక గొట్టం వదిలేయండి, శాశ్వతంగా మూయడం సరికాదు.

లీకు పట్టుకోడానికి పెద్ద సామాను అక్కర్లేదు. పొద్దున్న చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, వెలిగించిన అగరుబత్తిని హెడ్ దగ్గర ఫ్లాంజ్ (పైపుని ఇంజన్‌కి బిగించే రింగు) చుట్టూ మెల్లగా తిప్పాలి. పెట్రోలు ట్యాంకుకీ గొట్టాలకీ దూరంగా, చుక్క కూడా కారడం లేదని చూసుకున్నాకే. పొగ తిన్నగా లేస్తుంటే ఫర్వాలేదు. ఒకచోట ఎగిరెగిరి పడుతుంటే సందు అక్కడే. ఈ బండికి ఫ్లాంజ్ కింది అంచున, ఫుట్‌రెస్ట్ వైపు, కాటుక గీత గీసినట్టు సన్నటి మసి చార ఉంది. తుడిస్తే పోయేది, వారానికి మళ్లీ వచ్చేది. రెండేళ్లూ అది కళ్లముందే ఉంది.

గ్యాస్కెట్ మార్చినా మూడు నెలలకే మళ్లీ అదే చార. కారణం వెనకాల ఉంది. కొత్త సైలెన్సర్ బ్రాకెట్ బెజ్జం ఫ్రేమ్ బెజ్జానికి నాలుగు మిల్లీమీటర్లు పక్కకి ఉంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తి, లాగి బోల్టు దూర్చారు. దాంతో పైపు ఎప్పుడూ బిగువు మీద ఉండేది, ఫ్లాంజ్ ఒక పక్కకి ఒరిగేది, ఘాటు రోడ్డు కుదుపులకి గ్యాస్కెట్ ఆ పక్కనే నలిగేది. గుండ్రటి ఆకురాయితో బ్రాకెట్ బెజ్జాన్ని కోలగా అరగదీస్తే పైపు తనంతట తాను కూర్చుంది. బిగించే వరస ముఖ్యం: పాత గ్యాస్కెట్ ముక్కలు పోర్టులోంచి పూర్తిగా గీకి తీయాలి, లేకపోతే ఒకదానిమీద ఒకటి పడుతుంది. కొత్తది పెట్టి బోల్టులన్నీ వేలితో మాత్రమే తిప్పాలి. ముందు హెడ్ దగ్గరి రెండు నట్లు, అరచుట్టు అటు, అరచుట్టు ఇటు. తర్వాత మధ్య క్లాంపు, చివర బ్రాకెట్. వంద కిలోమీటర్లు తిరిగాక చల్లారనిచ్చి హెడ్ నట్లు మళ్లీ చూడాలి. తుప్పు పట్టిన నట్టుని బలంగా తిప్పితే స్టడ్ విరిగి హెడ్‌లోనే ఉండిపోతుంది. ముందురోజు రాత్రే నూనె వేసి ఉంచండి.

ఆ తర్వాతే పైలట్ స్క్రూ. పది నిమిషాలు తోలి, వేడి ఇంజన్ మీద, ఐడిలింగ్ ఎక్కువగా నిలిచే చోటు దాకా పావు చుట్టు చొప్పున వదిలి, మళ్లీ ఐడిల్ స్క్రూతో వెయ్యి ఆర్పీఎం దగ్గరికి దించాలి. దీనితో పటపట దాదాపు పోయింది. చలికాలం పొద్దున్న ఒకటి రెండు సార్లు వినిపిస్తుంది, దాన్ని పట్టించుకోను.

ఇక పికప్. పెట్టిన కొత్తలో బండి తేలిపోతోందని అందరికీ చెప్పిన మాట నిజమే, కానీ అందులో సగం చెవికి అనిపించినది. చదును రోడ్డు మీద నాలుగో గేర్లో 40 నుంచి 80కి గడియారం పెట్టి చూస్తే కంపెనీ సైలెన్సర్‌కీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బేఫుల్ (సైలెన్సర్ లోపల చప్పుడు తగ్గించే అడ్డు) తీసేస్తే మాత్రం తేడా వచ్చింది, అది కూడా నష్టం వైపే. ఇద్దరితో సుంకి మలుపులు ఎక్కేటప్పుడు మూడో గేర్లో ఎక్కేది కాస్తా రెండో గేర్ అడిగింది. బ్యాక్‌ప్రెషర్ పోయిందంటారు గానీ, ఇంజన్‌కి ఎదురు ఒత్తిడి ఎప్పుడూ మేలు కాదు. పొగ వేగమూ, పైపు చివర నుంచి తిరిగి వచ్చే ఒత్తిడి అల సమయమూ మారిపోయాయి. వెడల్పాటి ఖాళీ గొట్టంలో ఆ సాయం పై ఆర్పీఎంలో దొరుకుతుంది. ఈ ఇంజన్ గట్టిగా లాగేది 4,000 దగ్గర, 5,250కే పవర్ అయిపోతుంది. పైన దొరికేదాన్ని వాడుకునే చోటే లేదు. బేఫుల్ తిరిగి పెట్టాక మూడో గేర్ తిరిగొచ్చింది. అది చిన్న విషయం కాదు, లోడుతో ఘాటెక్కేవాళ్లకి తెలుస్తుంది.

మెయిన్ జెట్ గురించి కూడా మాట మార్చాలి. సైలెన్సర్ పెట్టిన కొత్తలో 95 నంబరు సరిపోతుందని చెప్పాను. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడి గాలి మైదానం కంటే ఎనిమిది శాతం దాకా పలచన. పైన సరిగ్గా ట్యూన్ చేసిన బండి సాలూరు దిగాక, అక్కడి చిక్కటి గాలికి పెట్రోలు తక్కువై పలచబడుతుంది. దాని మీద ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్. మామూలు పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, దీనికి 13.5 దగ్గరే. అంటే అదే జెట్‌తో బండి ఇంకా పలచగా మండుతుంది. మైదానంలో 80 మీద పట్టి తోలాక ప్లగ్గులు తెల్లగా సున్నం రంగులో వచ్చాయి. 97.5 వేశాక పింగాణీ అడుగున లేత గోధుమ రంగు వలయం కనిపించింది. ఈ ఇంజన్‌కి ప్లగ్గులు రెండు, రెండూ చూడాలి. దిగువన సరిపోయేలా పెట్టుకుని పైన కొంచెం చిక్కగా తోలడం మేలు. పలచదనం పిస్టన్‌ని తినేస్తుంది, చిక్కదనం తినేది పెట్రోలునే. లీటరుకి రెండు కిలోమీటర్లు తగ్గింది, ఒప్పుకున్నాను.

సైలెన్సర్ లోపల చప్పుడు పీల్చే గ్లాస్‌వూల్ (గాజు దూది) 20 వేల కిలోమీటర్లకి కాలిపోయి చప్పుడు రేకు డబ్బాలా అయింది. రివెట్లు డ్రిల్ చేసి మళ్లీ నింపాను. వానాకాలం నీళ్లు నిలవకుండా అడుగున మూడు మిల్లీమీటర్ల బెజ్జం పెట్టించండి.

175 సీసీ దాటిన బండికి చప్పుడు హద్దు 80 డెసిబెల్స్. దాటితే సెక్షన్ 190(2) కింద జరిమానా పదివేల దాకా ఉంది, లైసెన్సు కూడా మూడు నెలలు పోవచ్చు. బేఫుల్ లేకుండా ఇది ఆ హద్దులో ఉండదు, ఊళ్లో పిల్లలూ ముసలివాళ్లూ ఉలిక్కిపడతారు కూడా. బేఫుల్ పెట్టి, ఘాటు రోడ్లో ఒక్కరే తిరిగేవాళ్లయితే, కార్బ్యురేటర్ మీద చేయి ఉన్న మెకానిక్ దగ్గర్లో ఉంటే ఉంచుకోవచ్చు. రోజూ ఇద్దరూ సామానూ ఉంటే నేనైతే కంపెనీ సైలెన్సర్ అమ్మేయను. ఇంజెక్షన్ బండ్ల సంగతి వేరు. ఆక్సిజన్ సెన్సర్ నిలకడ వేగంలో కొంత సర్దుతుంది గానీ పూర్తిగా తెరిచినప్పుడు సర్దదు. వాటికి ఈ జెట్ లెక్కలు అతికించకండి. నా పాత సైలెన్సర్ నూనె పూసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టే ఉంది.